క్వార్ట్జ్, గాజు, ప్లాస్టిక్, సిప్పర్: యూవీ-విజిబుల్ ల్యాబ్‌లో ద్రవ నమూనాకు ఏ సెల్ వాడాలి?

నమూనా ఎంత కాంతిని మింగుతుందో కొలిచే యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్‌కి లక్షలు పోసిన ల్యాబ్‌లో కూడా సెల్ (ద్రవ నమూనా పోసి మెషీన్‌లో పెట్టే చిన్న పారదర్శక పాత్ర) విషయానికొచ్చేసరికి డ్రాయర్‌లో ఏది దొరికితే అది వాడేయడం మామూలైపోయింది. రెండు రీడింగ్‌లు కలవకపోతే అనుమానం ముందు మెషీన్ మీదకే పోతుంది. సర్వీస్ ఇంజనీర్‌కి ఫోన్ చేస్తారు, ల్యాంప్ మారుస్తారు, మళ్లీ కాలిబ్రేషన్ చేస్తారు. తీరా చూస్తే తేడా సెల్ గోడ మీద ఎండిపోయిన చుక్కలోనో, ఈసారి సెల్‌ని అటుదిటు తిప్పి పెట్టడంలోనో ఉంటుంది. కాంతి నమూనాలోకి వెళ్లాలంటే ఒక గోడ దాటాలి, బయటికి రావాలంటే ఇంకో గోడ దాటాలి. ఆ గోడలు ఆపిన కాంతి కూడా మీ అబ్జార్బెన్స్‌లోనే (కాంతి ఎంత ఆగిందో మెషీన్ చూపే అంకె) కలుస్తుంది.

కొత్తగా సెల్స్ కొనబోతున్న వాళ్ల కోసం, ఉన్నవాటిలో దేన్ని దేనికి వాడాలో తేలక ఆగిపోయిన వాళ్ల కోసం ఈ పోలిక రాస్తున్నాను. ఫార్మా క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్), నీటి పరీక్షల ల్యాబ్, డిగ్రీ కాలేజీ, బయోటెక్ ల్యాబ్, ఈ నలుగురినీ దృష్టిలో పెట్టుకున్నాను.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు తరంగదైర్ఘ్యం. మీరు ఎన్ని నానోమీటర్ల దగ్గర చదువుతున్నారో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. నల్గొండ వైపు నుంచి ఒక బోరు నీళ్లు పరీక్షకు వచ్చాయనుకోండి. అందులో ఫ్లోరైడ్‌ని స్పాడ్న్స్ అనే రంగు రీయేజెంట్ పద్ధతిలో చూస్తే రీడింగ్ 570 నానోమీటర్ల దగ్గర తీస్తారు. దానికి గాజు సెల్ చాలు, ప్లాస్టిక్ అయినా పర్లేదు. అదే సీసాలోని నీళ్లలో నైట్రేట్‌ని యూవీ పద్ధతిలో చూడాలంటే 220 దగ్గర చదవాలి, నీళ్లలోని సేంద్రియ పదార్థాల ప్రభావం తీసేయడానికి 275 దగ్గర కూడా చదవాలి. అక్కడ గాజు సెల్ పెడితే డిటెక్టర్‌కి కాంతే అందదు. ఒకే సీసా నీళ్లకు రెండు రకాల సెల్స్ కావాలన్నమాట.

మందుల ల్యాబ్‌లోనూ అంతే. పారాసిటమాల్ మాత్రల అస్సేకి (మందు ఎంత ఉందో తేల్చే పరీక్షకి) ఏళ్లుగా వాడుతున్న యూవీ పద్ధతిలో పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో 257 నానోమీటర్ల దగ్గర చదువుతారు, స్పెసిఫిక్ అబ్జార్బెన్స్ (1 శాతం ద్రావణానికి 1 సెంటీమీటరు దారిలో వచ్చే అబ్జార్బెన్స్) 715గా తీసుకుంటారు. చివరి డైల్యూషన్‌లో మిల్లీలీటరుకు 7.5 మైక్రోగ్రాముల మందు ఉంటే అబ్జార్బెన్స్ 0.54 దగ్గర రావాలి. ఇక్కడ క్వార్ట్జ్ కావాలి, గాజు పనికిరాదు.

రెండోది సాల్వెంట్. దీని దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ సాల్వెంట్ సెల్‌ని కరిగిస్తుందా? ఆ సాల్వెంటే కాంతిని మింగేస్తుందా? మొదటిది అందరికీ గుర్తుంటుంది, రెండోదే మర్చిపోతారు. నీళ్లు, ఎసిటోనైట్రైల్ 190 నానోమీటర్ల దాకా పనికొస్తాయి. మిథనాల్ సుమారు 205 దాకా, క్లోరోఫామ్ 245 దాకా, టోలీన్ 285 దాకా. ఎసిటోన్ అయితే 330 కిందికి వెళ్లనివ్వదు. ఎసిటోన్‌లో కరిగించిన నమూనాని ఎంత ఖరీదైన క్వార్ట్జ్ సెల్‌లో పోసినా 260 దగ్గర మీకు కనిపించేది ఎసిటోనే.

మూడోది నమూనా ఎంత ఉంది, ఎంత గాఢంగా ఉంది. మామూలు సెల్‌లో కాంతి 10 మిల్లీమీటర్ల దూరం ప్రయాణిస్తుంది, నిండా పోస్తే సుమారు 3.5 మిల్లీలీటర్లు పడుతుంది. సెమీ మైక్రో సెల్ అయితే 1.4, మైక్రో అయితే 0.7 మిల్లీలీటర్లు. గాఢత ఎక్కువైతే డైల్యూట్ చేయొచ్చు, లేదా 1 మిల్లీమీటరు దారి ఉన్న సెల్ వాడొచ్చు, అప్పుడు అబ్జార్బెన్స్ పదో వంతుకు పడిపోతుంది. అబ్జార్బెన్స్ 2 అంటే వందో వంతు కాంతి మాత్రమే అవతలికి వెళ్తోందని అర్థం, 3 అంటే వెయ్యో వంతు. ఆ స్థాయిలో దారి తప్పి వచ్చిన కొంచెం కాంతి కూడా లెక్కను పాడుచేస్తుంది. 0.2 నుంచి 1 మధ్యలో రీడింగ్ ఉండేలా చూసుకుంటే సెల్ తాలూకు చిన్న చిన్న లోపాలు పెద్దగా బాధించవు.

నాలుగోది చాలామంది కొన్నాక తెలుసుకునే విషయం: కాంతి కిరణం సెల్ అడుగు నుంచి ఎంత ఎత్తులో వెళ్తుంది? మెషీన్‌ని బట్టి ఇది 8.5, 15 లేదా 20 మిల్లీమీటర్లు ఉంటుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న మామూలు సెల్ నిండుగా పోస్తే ఇబ్బంది లేదు. మైక్రో సెల్‌కి మాత్రం కిరణం వెళ్లే కిటికీ చిన్నది. ఎత్తు సరిపోకపోతే కిరణం నల్ల గోడకో, ద్రవం పైనున్న గాలికో తగులుతుంది. మెషీన్ మాన్యువల్‌లో ఆ అంకె చూడకుండా మైక్రో సెల్ ఆర్డర్ పెట్టకండి.

చివరిగా, రోజుకు ఎన్ని నమూనాలు, అవి గోడకు అంటుకునే రకమా కాదా అన్నది. మూడు నమూనాలు చదివే ల్యాబ్‌కీ, ఒక డిసల్యూషన్ టెస్ట్‌లో (మాత్ర ఎంత వేగంగా కరుగుతుందో చూసే పరీక్ష) ఆరు పాత్రల నుంచి పలుసార్లు తీసిన నమూనాలు చదివే ల్యాబ్‌కీ ఒకే పద్ధతి కుదరదు.

ఒక చూపులో

| రకం | పనిచేసే పరిధి (నానోమీటర్లు) | సాల్వెంట్ల సంగతి | ఎక్కడ నప్పుతుంది | ఎక్కడ వద్దు |
|---|---|---|---|---|
| క్వార్ట్జ్ | సుమారు 190–2500 | దాదాపు అన్నీ తట్టుకుంటుంది | యూవీ అస్సేలు, సాల్వెంట్లు, వ్యాలిడేషన్ | హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, వేడి గాఢ క్షారాలు, గోడకు అంటే రంగులు |
| ఆప్టికల్ గాజు | సుమారు 340–2500 | క్వార్ట్జ్‌లాగే దాదాపు అన్నీ | రంగు వచ్చే పరీక్షలు, ప్రాక్టికల్స్ | యూవీ పని ఏదైనా |
| పాలీస్టైరీన్ | సుమారు 340–900 | నీళ్లు, పలుచని ఆమ్లాలు | బ్రాడ్‌ఫోర్డ్ (ప్రోటీన్ పరీక్ష), 600 దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే రీడింగ్), నీటి పరీక్షలు | ఎసిటోన్, టోలీన్, క్లోరోఫామ్, ఇథైల్ ఎసిటేట్ |
| యూవీ ప్లాస్టిక్ | సుమారు 230–900 | నీళ్లు, బఫర్లు | డీఎన్ఏ, ప్రోటీన్ | 220 దగ్గరి పని, హెక్సేన్, టోలీన్ లాంటి సాల్వెంట్లు |
| సిప్పర్, ఫ్లో సెల్ | లోపలి కిటికీ క్వార్ట్జ్ అయితే క్వార్ట్జ్ పరిధే | ట్యూబింగ్ తట్టుకున్నవే | డిసల్యూషన్, వరస నమూనాలు | చిక్కటి, నురగ వచ్చే, మడ్డి ఉన్న నమూనాలు |
| మైక్రోవాల్యూమ్ | మెషీన్‌ని బట్టి | ఆవిరైపోనివి మాత్రమే | 1–2 మైక్రోలీటర్ల డీఎన్ఏ, ఆర్ఎన్ఏ | ఆవిరయ్యే సాల్వెంట్లు, డిటర్జెంట్ ఉన్న బఫర్లు |

క్వార్ట్జ్

ఒక్క రకమే కొనగలిగే స్తోమత ఉంటే క్వార్ట్జే కొనమంటాను. ఖరీదు ఎక్కువే. కానీ ఒక జత మ్యాచ్డ్ సెల్స్‌ని జాగ్రత్తగా వాడుకుంటే ఏళ్ల తరబడి వస్తాయి, యూవీ పని, విజిబుల్ పని రెండూ వాటితోనే జరిగిపోతాయి. మ్యాచ్డ్ జత అంటే రెండు సెల్స్‌లో ఒకే ద్రవం పోస్తే దాదాపు ఒకే రీడింగ్ రావాలి. డబుల్ బీమ్ మెషీన్‌లో ఒక పక్క బ్లాంక్ (కొలిచే పదార్థం లేని, పోలిక కోసం పెట్టే ద్రవం), ఇంకో పక్క నమూనా ఉంటాయి కాబట్టి ఇది తప్పనిసరి. సింగిల్ బీమ్ అయితే బ్లాంక్‌కీ నమూనాకీ ఒకే సెల్ వాడండి. జత కొనాల్సిన పని కూడా ఉండదు.

క్వార్ట్జ్‌కి శత్రువు సాల్వెంట్ కాదు, గీతలు, మరకలు. సిరంజి సూదితో లోపలి గోడని గీరితే ఆ గీత అక్కడే ఉండిపోతుంది. ప్రోటీన్ ద్రావణాన్ని రాత్రంతా అలాగే వదిలేస్తే పొరలా అంటుకుని, మర్నాడు 280 దగ్గర బేస్‌లైన్ పైకి లేస్తుంది. బ్రాడ్‌ఫోర్డ్ రీయేజెంట్‌లోని కూమాసీ నీలం క్వార్ట్జ్‌ని గట్టిగా పట్టుకుంటుంది. 595 దగ్గర చదివే పరీక్షకి క్వార్ట్జ్ సెల్ ఖరాబు చేసుకోవడం అనవసరం, దానికి ప్లాస్టిక్ ఉంది.

కడిగేటప్పుడు క్రోమిక్ యాసిడ్ జోలికి వెళ్లకండి. క్రోమియం లోపలి గోడకు పట్టుకుని యూవీలో కాంతిని మింగుతుంది, పైగా ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. నమూనా కరిగే సాల్వెంట్‌తో మొదట, తర్వాత శుద్ధి చేసిన నీళ్లతో పలుమార్లు, చివర మిథనాల్‌తో కడిగి, టిష్యూ మీద బోర్లించి ఆరనివ్వడం చాలు. మొండి మరకకు పలుచని నైట్రిక్ యాసిడ్‌లో కాసేపు నానబెట్టొచ్చు. అయితే అంతకుముందు సెల్‌లో మిథనాల్ గానీ ఎసిటోన్ గానీ లేకుండా నీళ్లతో బాగా తొలచాలి. నైట్రిక్ యాసిడ్, సాల్వెంట్లు కలిస్తే ప్రమాదం.

త్వరగా ఆరుతుందని ఎసిటోన్‌తో తొలిచే అలవాటు చాలా ల్యాబ్‌ల్లో ఉంది. ఎసిటోన్ కొంచెం మిగిలిపోతే 265 చుట్టుపక్కల ఒక గుట్టలాంటి శిఖరం కనిపిస్తుంది. డీఎన్ఏ చదివే 260కీ, పారాసిటమాల్ చదివే 257కీ అది పక్కనే. ఓఓఎస్ (హద్దు దాటిన ఫలితం) వచ్చి అందరూ టెన్షన్ పడుతున్నప్పుడు, ఆ సెల్‌ని చివరిసారి దేంతో కడిగారని అడిగితే దారి దొరకొచ్చు.

గాజు

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 340 పైన పని బాగా చేస్తుంది, సాల్వెంట్లు తట్టుకుంటుంది, క్వార్ట్జ్ కన్నా బాగా చవక. పొటాషియం పర్మాంగనేట్‌తో బీర్-లాంబర్ట్ సూత్రం చేయించే డిగ్రీ ప్రాక్టికల్స్‌కి ఇంతకు మించి అక్కర్లేదు. ఇబ్బందల్లా గాజు, క్వార్ట్జ్ సెల్స్ చూడటానికి ఒకేలా ఉండటమే. సెల్ పైభాగాన చెక్కిన అక్షరం అరిగిపోతే ఏది ఏదో తెలియదు. అప్పుడు ఖాళీ సెల్ పెట్టి 400 నుంచి 200 దాకా స్కాన్ చేయండి. క్వార్ట్జ్ అయితే గీత చివరిదాకా దాదాపు సమంగా, కిందనే నడుస్తుంది. గాజు అయితే 350 దాటి కిందికొచ్చేకొద్దీ గోడ ఎక్కినట్టు నిటారుగా లేస్తుంది. తేల్చుకున్నాక రెండు రకాల్నీ వేర్వేరు పెట్టెల్లో పెట్టి, పెట్టె మీద పెద్దగా రాయండి.

ప్లాస్టిక్

డిస్పోజబుల్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. కొన్ని పరీక్షలకు ఇదే సరైన సెల్. బ్యాక్టీరియా కల్చర్ ఓడీ 600 దగ్గర చూడాలన్నా, ప్రోటీన్‌ని బ్రాడ్‌ఫోర్డ్‌తో అంచనా వేయాలన్నా, స్పాడ్న్స్ ఫ్లోరైడ్ వరసగా చేయాలన్నా ఒక్కో నమూనాకి ఒక్కో కొత్త సెల్ ఉండటం వల్ల పాత నమూనా కొత్తదాంట్లో కలిసే భయం ఉండదు. సూక్ష్మజీవులున్న నమూనాల్ని కడిగే బాధ తప్పుతుంది కాబట్టి కెమిస్ట్‌కీ క్షేమం.

లోపం ఒక్కో సెల్‌కీ మధ్య ఉండే కొంచెం తేడా. మామూలు పరీక్షల్లో అది పట్టించుకోవాల్సినంత ఉండదు. కానీ అబ్జార్బెన్స్ 0.05 దగ్గర చదువుతుంటే ఆ తేడా కనిపిస్తుంది. కొన్ని కంపెనీల సెల్స్ మీద అచ్చు నంబర్ ఉంటుంది. ఒక వరస నమూనాలకు ఒకే అచ్చు నంబర్ ఉన్నవి ఏరుకుంటే తేడా తగ్గుతుంది. కడిగి మళ్లీ వాడకండి. పాలీస్టైరీన్ మెత్తన, టిష్యూతో రెండుసార్లు తుడిస్తేనే గీతలు పడతాయి. ఎసిటోన్ చుక్క పడితే క్షణాల్లో మసకబారుతుంది, కాసేపటికి కారి మెషీన్‌లోకి దిగుతుంది. సాల్వెంట్ బాటిళ్లున్న బల్ల మీద ప్లాస్టిక్ సెల్స్ పెట్టె ఉంచకపోవడమే మేలు.

యూవీ ప్లాస్టిక్ రకం క్వార్ట్జ్‌కీ మామూలు ప్లాస్టిక్‌కీ మధ్యలో ఉంటుంది. 260, 280 దగ్గర పనిచేస్తుంది, నైట్రేట్ చదివే 220కి మాత్రం ఆగిపోతుంది. మామూలు పాలీస్టైరీన్ కన్నా ఖరీదు. ఫ్లోరెసెన్స్ (నమూనా తిరిగి వెదజల్లే కాంతిని కొలవడం) చేసేవాళ్లు ప్లాస్టిక్ తీసుకునేముందు ఒక మాట గుర్తుంచుకోవాలి: పాలీస్టైరీన్ తనంతట తానే కొంచెం వెలుగుతుంది, పైగా ఫ్లోరెసెన్స్‌కి నాలుగు వైపులా పారదర్శకంగా ఉన్న సెల్ కావాలి.

సిప్పర్, ఫ్లో సెల్

సెల్ మెషీన్‌లోనే కదలకుండా ఉండి, ట్యూబ్ ద్వారా నమూనాని లోపలికి పీల్చుకునే ఏర్పాటు ఇది. దీనికున్న పెద్ద బలం సెల్ కదలకపోవడం. తిప్పి పెట్టడం, వేలి ముద్ర, తుడుపు తేడాలు అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. నమూనా మీద చేయి పడదు, ఆవిరి పీల్చాల్సిన పని కూడా తగ్గుతుంది. డిసల్యూషన్ ఎక్కువగా చేసే క్యూసీకి నా ఓటు దీనికే.

అయితే ఇది కొత్త సమస్యలు కూడా తెస్తుంది. ముందు నమూనా ట్యూబ్‌లో మిగిలి తర్వాతదాంట్లో కలవడం మొదటిది. దీన్ని కనిపెట్టడం సులువే: అన్నిటికన్నా గాఢమైన స్టాండర్డ్ చదివి, వెంటనే బ్లాంక్ చదవండి. బ్లాంక్ సున్నాకి రాకపోతే రిన్స్ వాల్యూమ్ పెంచాలి. అలాగే తక్కువ గాఢత నుంచి ఎక్కువకు వెళ్లేలా నమూనాల వరస పెట్టుకోవాలి. రెండోది గాలి బుడగ. ఫ్లో సెల్‌లో ఇరుక్కున్న చిన్న బుడగ రీడింగ్‌ని ఎటైనా తోసేస్తుంది, బయటి నుంచి కనిపించదు. ఒకే నమూనాని మూడుసార్లు చదివితే అంకెలు గెంతుతుంటే ముందు బుడగనే అనుమానించండి. మూడోది మడ్డి. మాత్ర ముక్కలు కరగకుండా ఉన్న నమూనాని ఫిల్టర్ చేయకుండా పీలిస్తే, అది కాంతిని చెదరగొడుతుంది, ఫ్లో సెల్‌లో పేరుకుంటుంది. ట్యూబింగ్ ఏ పదార్థమో చూసుకోకుండా సాల్వెంట్ పంపితే ట్యూబ్ ఉబ్బి కారుతుంది, అదీ మెషీన్ లోపల.

మైక్రోవాల్యూమ్

డీఎన్ఏ, ఆర్ఎన్ఏ పనికి తప్ప మిగతా వాళ్లకి దీని అవసరం అరుదు. 1–2 మైక్రోలీటర్ల చుక్క రెండు ఉపరితలాల మధ్య నిలబడుతుంది, కాంతి దారి 1 మిల్లీమీటరు, ఇంకా తక్కువ ఉంటుంది కాబట్టి గాఢమైన నమూనాని డైల్యూట్ చేయక్కర్లేదు. 10 మిల్లీమీటర్ల లెక్కలో 260 దగ్గర అబ్జార్బెన్స్ 1 ఉంటే రెండు పోగుల డీఎన్ఏ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు. నమూనా బాగా పలుచగా ఉంటే మాత్రం 10 మిల్లీమీటర్ల క్వార్ట్జ్ మైక్రో సెల్‌ని నమ్మండి.

ఏ సెల్ అయినా తప్పని అలవాట్లు

సెల్‌ని కాంతి వెళ్లని గరుకు గోడల దగ్గరే పట్టుకోవాలి. మెషీన్ పక్కకు తెచ్చి, బయటే నింపాలి, నాలుగింట మూడు వంతులు చాలు. నమూనాతోనే ఒకటి రెండుసార్లు తొలిచి పారబోసి, ఆ తర్వాత చదివే నమూనా పోస్తే మిగిలిన తడి వల్ల వచ్చే తేడా పోతుంది. బయటి గోడని లెన్స్ టిష్యూతో పైనుంచి కిందికి ఒకే దిక్కుగా తుడిచి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. గోడకు అంటుకున్న బుడగలుంటే వేలితో మెల్లగా తట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన నమూనాని గది ఉష్ణోగ్రతకు రానివ్వకుండా చదివితే బయటి గోడ మీద తేమ పడుతుంది, లోపల బుడగలు పుడతాయి.

సెల్ మీద గుర్తు ఉంటే ఆ వైపు ఎప్పుడూ ల్యాంప్ వైపే. గుర్తు లేకపోతే కాంతి పడని గోడ మీద, పైభాగాన, పెన్సిల్‌తో మీరే పెట్టుకోండి. బ్లాంక్ అంటే ఉత్త నీళ్లు కాదు, నమూనాలో మందు తప్ప మిగతావన్నీ ఉండాలి, పీహెచ్ కూడా అదే ఉండాలి.

ఆవిరయ్యే సాల్వెంట్లకి, హైడ్రోక్లోరిక్ యాసిడ్ లాంటి పొగ వచ్చే ఆమ్లాలకి మూత ఉన్న సెల్ తప్పనిసరి. ఆ ఆవిరి కాంపార్ట్‌మెంట్‌లోని అద్దాల్ని మెల్లగా తినేస్తుంది, మెషీన్ నీరసించడం కొన్ని నెలలకు గానీ బయటపడదు. రీడింగ్ అయిన సెల్‌ని లోపల వదిలేసి భోజనానికి వెళ్లకండి. ఏదైనా ఒలికితే వెంటనే తుడిచి, మూత కాసేపు తెరిచి ఉంచండి. కాలిబ్రేషన్‌కి వాడే పొటాషియం డైక్రోమేట్ ద్రావణం చేతికి తగలకుండా గ్లవ్స్ వేసుకోవాలి, సింక్‌లో పోయకూడదు. క్లోరోఫామ్ లాంటి హాలోజన్ సాల్వెంట్ల వ్యర్థాలకు వేరే డబ్బా, మిగతా సాల్వెంట్లకు వేరే డబ్బా, ఆమ్లాలకు ఇంకోటి పెట్టుకోండి.

ఎవరు ఏం కొనాలి

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల ఉన్న ఫార్మా క్యూసీకి: 10 మిల్లీమీటర్ల మ్యాచ్డ్ క్వార్ట్జ్ జతలు రెండు, మూతలతో సహా. ఒక జత నమూనాలకు, ఇంకోటి కాలిబ్రేషన్‌కి మాత్రమే. డిసల్యూషన్ పని రోజూ ఉంటే సిప్పర్ కూడా తీసుకోండి, దాని రిన్స్ వాల్యూమ్‌ని మెథడ్ వ్యాలిడేషన్‌లోనే తేల్చేయండి.

నీటి పరీక్షల ల్యాబ్‌కి: నైట్రేట్ కోసం క్వార్ట్జ్ ఒకటి రెండు, ఫ్లోరైడ్, ఐరన్ లాంటి రంగు పరీక్షలకు గాజు గానీ పాలీస్టైరీన్ గానీ. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500లో ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేకపోతే 1.5. ఆ రెండు అంకెల మధ్య ఒక ఊరి నీళ్లు తాగొచ్చా లేదా అన్న నిర్ణయం ఉంటుంది కాబట్టి, స్పాడ్న్స్‌లో స్టాండర్డ్‌లకీ నమూనాలకీ ఒకే రకం, ఒకే బ్యాచ్ సెల్స్ వాడండి.

కాలేజీకి: విద్యార్థుల చేతికి గాజు సెల్స్, టీచర్ దగ్గర తాళంలో ఒక క్వార్ట్జ్ జత. విద్యార్థి ప్రతి ఒక్కరికీ క్వార్ట్జ్ ఇవ్వాలని బడ్జెట్ ఖర్చు చేయడం కన్నా, ఆ డబ్బుతో మంచి పిపెట్‌లు కొనడం మంచిది.

బయోటెక్ ల్యాబ్‌కి: ఓడీకి, బ్రాడ్‌ఫోర్డ్‌కి పాలీస్టైరీన్ పెట్టెలు, న్యూక్లిక్ ఆమ్లాలకు క్వార్ట్జ్ మైక్రో సెల్ లేదా మైక్రోవాల్యూమ్. యూవీ ప్లాస్టిక్ మీద నిత్యం ఖర్చు పెడుతుంటే ఏడాది లెక్క వేసి చూడండి. రోజూ వాడేవాళ్లకి క్వార్ట్జ్ చవక పడొచ్చు.

కొన్న క్వార్ట్జ్, గాజు సెల్ చేతికొచ్చిన రోజే ఒక పరీక్ష చేయండి. అమెరికా ఫార్మకోపియా చెప్పే పద్ధతి ఇది: 1 సెంటీమీటరు సెల్‌లో శుద్ధమైన నీళ్లు పోసి, గాలిని బ్లాంక్‌గా పెట్టి చదివితే క్వార్ట్జ్ సెల్‌కి 240 నానోమీటర్ల దగ్గర 0.093, గాజు సెల్‌కి 650 దగ్గర 0.035 దాటకూడదు. సెల్‌ని 180 డిగ్రీలు తిప్పి పెట్టి చదివితే తేడా 0.005కి మించకూడదు. వచ్చిన అంకెల్ని సెల్ నంబర్‌తో లాగ్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. దాటితే కడిగి ఇంకోసారి చూడండి, అప్పటికీ దాటితే సప్లయర్‌కి తిప్పి పంపండి.